బయానా ఇచ్చే ముందు ఇంటిని ఇంజనీరుకు చూపించుకోవడం ఎలా

నల్లగొండలో అయినా పాలమూరులో అయినా మొదటిసారి ఇల్లు కొనేవాళ్ల పద్ధతి దాదాపు ఒకటే. వాస్తు చూసే పంతులు గారిని తీసుకెళ్తారు, కాగితాలు వకీలు చేతిలో పెడతారు, బావమరిదినో మేనమామనో వెంటబెట్టుకుని ఓ ఆదివారం పొద్దున పోయి హాలు ఎంత ఉంది, గేటు లోపల కారు పడుతుందా, బోరు పడ్డదా అని చూసుకుని చాయ్ తాగి వస్తారు. స్లాబు ఎప్పుడు పోశారు, కింద ఏ నేల ఉంది, ఆ కొత్త రంగు వెనక ఏముంది అని అడిగేవాళ్లు తక్కువ. ఎవరైనా అడిగినా పక్కనున్న మధ్యవర్తి "బ్యాంకోళ్లు లోన్ ఇస్తున్నరు కదన్నా, చూడకుండనే ఇస్తరా" అని నోరు మూయిస్తాడు.

బ్యాంకు చూసేది వేరు. వాళ్ల లాయరు టైటిల్ చూస్తాడు, వాళ్లు పంపే వాల్యుయర్ ఇంటి విలువ కడతాడు, అంటే మీరు కిస్తీలు ఎగ్గొడితే ఆ ఇల్లు అమ్మి బాకీ రాబట్టుకోవచ్చా అన్నదే లెక్క. స్లాబు కురుస్తుందా, బాత్రూం నీళ్లు కింది బెడ్రూంలోకి దిగుతున్నాయా అన్నది ఆయన పని కాదు. వాస్తు చూపించుకోవద్దని నేను అనను, ఎవరి నమ్మకం వాళ్లది, కానీ ఈశాన్యం సరిగ్గా ఉన్న ఇంటికి కూడా పిల్లర్లో ఇనుము తుప్పు పట్టవచ్చు.

ఎవరిని పిలవాలి, ఎప్పుడు పిలవాలి

అమెరికాలో ఉన్న మనవాళ్లను అడిగితే చెప్తారు, అక్కడ ఇల్లు కొనేటప్పుడు హోమ్ ఇన్‌స్పెక్షన్ మామూలు విషయం, రిపోర్టు నచ్చకపోతే బేరం నుంచి తప్పుకునేలా ముందే షరతు రాసుకుంటారు. ఇక్కడ ఆ పేరుతో పనిచేసే కంపెనీలు హైదరాబాద్‌లో దొరుకుతాయి గానీ మన ఊళ్లలో ఆ బోర్డు కోసం వెతకక్కర్లేదు. మీకు కావాల్సింది సైటు మీద నిలబడి పిల్లర్లు, స్లాబులు పోయించిన అనుభవం ఉన్న సివిల్ ఇంజనీరు. ప్లాన్లు గీసి పర్మిషన్‌కు పెట్టడం ఒక్కటే చేసేవాళ్లు ఈ పనికి అంతగా పనికిరారు. ఆర్ అండ్ బీలోనో పంచాయతీరాజ్‌లోనో చేసి రిటైరైన ఇంజనీర్లు చాలామంది ఉన్నారు, అడిగితే వస్తారు. ఆయనతో పాటు మీకు తెలిసిన ఒక ఎలక్ట్రీషియన్, ఒక పాత మేస్త్రి ఉంటే ఇక చాలు. ఒక్కటే షరతు: ఈ ముగ్గురిలో ఎవరూ అమ్మేవాళ్ల మనుషులు కాకూడదు, మధ్యవర్తి "నాకు తెలిసిన ఇంజనీరున్నడు" అంటే దండం పెట్టి వద్దనండి.

రేటు మాట్లాడుకున్నాక, బయానా ఇవ్వకముందు చూపించాలి. బయానా చేతులు మారాక మీరు ఏ లోపం చూపించినా "తెలిసే కదా ఇచ్చిర్రు" అంటారు, వెనక్కి అడిగితే పెద్దమనుషుల పంచాయితీ. ఇక ఫీజు అంటారా, తెలంగాణలో ఇంటి రిజిస్ట్రేషన్‌కు స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం పోతుంది. 50 లక్షల ఇల్లంటే 3,75,000 రూపాయలు. దానికి కిమ్మనకుండా డబ్బు సర్దుకునేవాళ్లం ఇంజనీరుకు కొన్ని వేలు ఇవ్వడానికి బేరాలాడతాం.

ఇంజనీరు రాకముందు మీరే చేయాల్సింది

ఇంట్లోకి పోకముందు బయట తిరగండి. వీలైతే వాన పడ్డ మరునాడు పొండి. మొదట చూడాల్సింది రోడ్డు ఎత్తు. మన మున్సిపాలిటీల్లో పాత సీసీ రోడ్డు మీదే కొత్త సీసీ రోడ్డు వేసుకుంటూ పోవడం వల్ల ఒకప్పుడు మూడు మెట్లెక్కి పోయిన ఇళ్లలోకి ఇప్పుడు ఒక మెట్టు దిగి పోవాల్సి వస్తోంది. బేస్‌మెంట్ రోడ్డు కన్నా కనీసం అడుగున్నర, రెండడుగులు ఎత్తు ఉందా, మోరీ ఏ వైపు పారుతోంది, మోరీ నిండితే నీళ్లు ఎటు పోతాయి, ఇవి చూసుకోండి. గేటు పక్క గోడ మీద మట్టి నీళ్ల చార ఒకటి అడ్డంగా కనిపిస్తే ఆ మట్టం దాకా నీళ్లు వచ్చాయని అర్థం, దానికి ఇంజనీరు కూడా అక్కర్లేదు.

చెరువు దగ్గరైతే ఇంకాస్త జాగ్రత్త పడాలి. పాలమూరులో పెద్దచెరువు దిగువ కాలనీల్లో వానాకాలం ఎలా ఉంటుందో అక్కడ బంధువులున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. భవన నిర్మాణ నియమాల ప్రకారం 10 హెక్టార్లు, ఆ పైన ఉన్న చెరువైతే హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువో కుంటో అయితే 9 మీటర్లు కట్టడాలు లేకుండా వదలాలి. ఇల్లు ఎంత బాగున్నా ఈ హద్దులో ఉంటే ఇక ఇంజనీరును పిలిచే ఖర్చు కూడా వద్దు.

తర్వాత పక్కింటి ముసలాయన దగ్గర కూర్చోండి. రెండు ప్రశ్నలు అడగండి చాలు. ఒకటి, ఇక్కడ ముందు ఏముండేది? ఊరి చుట్టూ ప్లాట్లయిన చేన్లలో పాత వ్యవసాయ బావులుండేవి, వాటిని మట్టితో, ఇటుక ముక్కలతో పూడ్చి ప్లాట్లు చేసి అమ్మిన చోట్లున్నాయి, పూడ్చిన బావి మీద పడ్డ పునాది ఏళ్ల తరబడి కొంచెం కొంచెం కుంగుతూనే ఉంటుంది, ఈ సంగతి ఏ డాక్యుమెంటులోనూ ఉండదు. రెండు, ఎండాకాలం బోరు పోస్తుందా? అమ్మే ఆయన పోస్తుందనే అంటాడు, ముసలాయన మాత్రం ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్ ఎవరింటి ముందు ఆగుతుందో చెప్తాడు.

నేల కూడా అడిగి తెలుసుకోవాలి. ఎర్ర చెల్క, మొరం, కింద బండ ఉంటే పునాదికి భయం తక్కువ. నల్లరేగడి అయితే వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది, దాని మీద మామూలు పునాది వేస్తే గోడలు ఏటా కదులుతాయి. నల్లరేగడిలో ఇల్లు కొనకూడదని కాదు, పునాది ఎంత లోతు పోయారు, పునాది మీద గోడల కింద ప్లింత్ బీము వేశారా, గుంతలో మొరం నింపి దిమ్మిస చేశారా అన్నది కట్టిన మేస్త్రిని పట్టుకుని అడగాలి.

పగుళ్లు చదవడం

అసలు విషయం ఇదే, ఇక్కడే ఎక్కువ సేపు ఉండండి. పగులు కనపడగానే టెన్షన్ పడక్కర్లేదు, అలాగని "అది గిలాబు (ప్లాస్టరింగ్) పగులే అన్నా" అనగానే తల ఊపి ముందుకు పోనూ వద్దు. ఇంజనీరు పక్కన నిలబడి ఒక్కో పగులు గురించి ఇది ఎందుకు వచ్చింది అని అడగండి, ఆయన చెప్పేదాన్ని వీటితో పోల్చుకోండి.

గోడ మీద వెంట్రుకలంత సన్నగా, అన్ని దిక్కులా అల్లుకున్న పగుళ్లు గిలాబు తొందరగా ఆరిపోవడం వల్ల వస్తాయి. క్యూరింగ్, అంటే నీళ్లు కొట్టి తడపడం, సరిగ్గా చేయలేదని అర్థం, రంగు వేసేటప్పుడు లప్పం పెడితే పోతాయి. పిల్లరు, గోడ కలిసే చోట నిలువుగా ఒక గీత, బీము కింద అడ్డంగా ఒక గీత కూడా చాలా ఇళ్లలో ఉంటాయి. కాంక్రీటు, ఇటుక ఎండకు వేర్వేరుగా సాగుతాయి, ఆ అతుకు మీద ఇనుప జాలి కొట్టకుండా గిలాబు చేస్తే అక్కడ విడుతుంది. నల్లగొండ ఎండల్లో ఇది ఇంకా ఎక్కువ. చూడటానికి బాగుండదు గానీ ఇల్లు పడిపోదు.

కిటికీ మూల నుంచో దర్వాజ మూల నుంచో ఏటవాలుగా పోయే పగులు వేరే సంగతి. ఒక వైపు సన్నగా, ఇంకో వైపు వెడల్పుగా ఉంటే, ఇటుకల సందుల వెంట మెట్లు మెట్లుగా ఎక్కితే, ఇంటి లోపలా బయటా అదే చోట కనపడితే పునాది ఒక పక్క కుంగుతోందేమోనని అనుమానించాలి. రూపాయి బిళ్ల అంచు దూరేంత ఉంటే ఇంజనీరు రాతపూర్వకంగా కారణం చెప్పేదాకా మాట ముందుకు పోవద్దు. అది ఎప్పుడో ఆగిపోయిన పగులా, ఇంకా పెరుగుతోందా అన్నది తేల్చడానికి రెండు చివర్లా పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేసి, మధ్యలో కొద్దిగా ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అద్ది వదిలేస్తారు. కదులుతుంటే ఆ అతుకు చిట్లుతుంది. దీనికి కొన్ని వారాలు పడుతుంది, అమ్మే ఆయన ఒప్పుకోకపోతే అది కూడా ఒక సమాచారమే.

అన్నిటికన్నా భయపడాల్సింది పిల్లరు, బీము, స్లాబుల మీదే వచ్చే పగుళ్లకు. కడ్డీ వెంటే తిన్నగా పోయే పగులు, దాని చుట్టూ ఎర్రటి మరక, అక్కడక్కడ పెచ్చులూడి ఇనుము బయటికి కనిపించడం, ఇవి లోపల తుప్పు పట్టిందనడానికి గుర్తులు. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటును తోసేస్తుంది. కడ్డీ మీద కవరు, అంటే దాన్ని కప్పే కాంక్రీటు మందం, తక్కువ వదిలితే, ఉప్పు నీళ్లతో కాంక్రీటు కలిపితే ఈ బాధ తొందరగా వస్తుంది. కాంక్రీటు పనికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం ఇనుము ఉండే కాంక్రీటు కలిపే నీళ్లలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు, బోరు నీళ్లు ఎంత చవుడుగా ఉన్నా అవే పోసి కట్టిన ఇళ్లలో ఈ లెక్క ఎవరు చూశారు? కాంక్రీటు గట్టిదనం మీద అనుమానం ఉంటే రీబౌండ్ హ్యామర్ అనే పరికరంతో పిల్లర్ల మీద పరీక్ష చేయించవచ్చు, గోడ పగలగొట్టే పని లేదు.

ఇంకో మాట. పాత ఇళ్ల మీద తర్వాత అంతస్తు వేసిన కేసులు మన దగ్గర చాలా. కింద రాతి గోడలు, లేకపోతే ఇటుక గోడలు, పిల్లర్లు లేవు, కొడుకు పెళ్లప్పుడు పైన రెండు గదులు లేపారు. కింది ఇంటికి పిల్లర్లు ఉన్నాయా, ఉంటే పైకి కూడా అవే పోయాయా అని ఇంజనీరుతో తప్పకుండా చూపించండి. దాంతో పాటు మున్సిపాలిటీ ఇచ్చిన ప్లాన్ చేతిలో పట్టుకుని చూడండి, ప్లాన్‌లో లేని అంతస్తుకు మీరు రేటు కడుతున్నారేమో తెలుస్తుంది.

నిమ్ము, స్లాబు, డాబా

అమ్మకానికి పెట్టిన ఇంటికి కొత్త రంగు వేయించడం తప్పు కాదు. అయితే ఇల్లంతా పాత రంగు ఉండి ఒక్క గోడకో, ఒక్క గది సీలింగ్‌కో మాత్రం కొత్తగా లప్పం పెట్టి రంగేస్తే అక్కడ ఆగండి. రంగు దాచలేని చోట్లు కొన్ని ఉంటాయి: అల్మారాల లోపలి వెనక గోడ, మెట్ల కింద, సజ్జ మీద, దేవుడి గది మూల, బాత్రూం గోడకు అవతలి వైపు. టార్చిని గోడకు ఆనించి పక్క నుంచి వెలుగు పడేలా పట్టుకుంటే ఉబ్బెత్తులు, అతుకులు బయటపడతాయి. నేల నుంచి మోకాలెత్తు దాకా గోడ పొడిపొడిగా రాలుతూ తెల్లటి ఉప్పు పూస్తే కింది నుంచి నిమ్ము ఎక్కుతోందని అర్థం, దాన్ని పూర్తిగా ఆపడం కష్టం, ఖర్చు. పై నుంచి మరక దిగితే అది స్లాబు, లేదా పైనున్న బాత్రూం.

డాబా ఎక్కకుండా ఇల్లు చూశామని అనుకోవద్దు. నీళ్లు నిలిచిన చోట నాచు ఎండి నల్లటి వలయంగా మిగులుతుంది. పిట్టగోడ డాబాను కలిసే మూల, ట్యాంకు దిమ్మె కింద, నీళ్లు పోయే పైపు నోటి చుట్టూ చూడండి. సజ్జ పగులులో రావి మొక్క మొలిచి ఉంటే దాని వేర్లు ఎంత దూరం పోయాయో చెప్పలేం. అమ్మే ఆయన ఒప్పుకుంటే పైపు నోళ్లకు గుడ్డ కుక్కి డాబా మీద రెండు అంగుళాల నీళ్లు 24 గంటలు నిలిపి కింద సీలింగ్ చూడటం అన్నిటికన్నా నికార్సైన పరీక్ష. నీళ్లకు కరువైన ఎండాకాలంలో అడిగితే తిడతారు, అది వేరే విషయం. పైఅంతస్తు పోర్షన్ కొంటుంటే మాత్రం ఒక్కసారైనా ఎండాకాలం మధ్యాహ్నం మూడింటికి ఆ గదిలో పావుగంట కూర్చోండి, స్లాబు వేడి ఎంత దిగుతుందో తెలుస్తుంది.

నీళ్లు

ఇతర ఊళ్లలో ఇంటి తనిఖీలో నీళ్లంటే ధార ఎంత వస్తుందని చూస్తారు. నల్లగొండ జిల్లాలో ముందు ఫ్లోరైడ్ చూడాలి. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు మన పెద్దవాళ్ల ఎముకలు ఎలా వంగిపోయాయో చూసినవాళ్లమే. మిషన్ భగీరథ నల్లా వచ్చాక తాగేనీళ్ల బాధ తగ్గింది, నిజమే, కానీ నల్లా రాని రోజున చెయ్యి బోరు వైపే పోతుంది, కాబట్టి బోరు నీళ్లు తప్పకుండా పరీక్ష చేయించండి. మోటరు కొన్ని నిమిషాలు నడిపి, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టి, ప్రభుత్వ నీటి పరీక్ష ల్యాబ్‌లోనో మంచి ప్రైవేటు ల్యాబ్‌లోనో ఇవ్వండి. తాగేనీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా. నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి చూపే టీడీఎస్ మీటరు ముంచి "అంతా ఓకే" అనేవాళ్ల మాట వినకండి, అది ఫ్లోరైడ్‌ను విడిగా చెప్పదు. కాచినా ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఆర్‌ఓ మెషిన్ తగ్గిస్తుంది, ఆ ఖర్చు లెక్కలో వేసుకోండి.

నల్లాల మీద, టైల్స్ మీద తెల్లటి పొర గట్టిగా పేరుకుపోయి ఉంటే నీళ్లు బాగా గట్టివని, గీజరు, పైపులు తొందరగా పోతాయని తెలుసుకోవాలి. సంపులోకి టార్చి వేసి పగుళ్లు చూడండి. అన్ని నల్లాలు ఒకేసారి తిప్పి, ఫ్లష్ నొక్కి ధార పడిపోతుందేమో చూడండి. బాత్రూంలో బకెట్ నీళ్లు ఒక్కసారిగా పోస్తే జాలి వైపు పోవాలి, గుమ్మం వైపు వస్తే ఫ్లోరింగ్ వాలు తప్పు. సెప్టిక్ ట్యాంకు ఎక్కడుంది, బోరుకు ఎంత దూరం, చివరిసారి ఎప్పుడు తోడించారు అని అడగండి. కింద బండ ఉన్న చోట్ల తవ్వలేక ట్యాంకు చిన్నగా కట్టి వదిలేస్తారు, ఇంకుడు గుంత ఇంకదు, ఆ ఇంటివాళ్లు సెప్టిక్ ట్యాంకు బండికి మాటిమాటికీ ఫోన్ చేస్తూనే ఉంటారు.

కరెంటు, తలుపులు, మిగతావి

ఇవి తొందరగా అయిపోతాయి. మీటరు ఎవరి పేరున ఉంది, బకాయి ఉందా, సింగిల్ ఫేజా త్రీ ఫేజా. బోర్డు తెరిపించి లోడు ఎక్కువైతే కరెంటు ఆపే ఎంసీబీలు ఉన్నాయా, షాక్ కొట్టకుండా ఆపే ఆర్‌సీసీబీ ఉందా చూడమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి. ఏసీకి, గీజరుకు 4 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగారా, లేక లైట్ల వైరు మీదే నడుపుతున్నారా అన్నది ముఖ్యం. ఎర్తింగ్ మాత్రం దగ్గరుండి పరీక్ష చేయించండి, మన బండ నేలలో ఎండాకాలం గుంత ఎండిపోయి ఎర్త్ పేరుకు మాత్రమే ఉంటుంది.

దర్వాజల అడుగు భాగంలో, గోడ వారగా మట్టి గీతలు పాకి ఉంటే చెదలు. చెక్కను వేలితో కొడితే బోలుగా మోగుతుందేమో వినండి. టైల్స్ మీద రూపాయి బిళ్లతో కొట్టుకుంటూ పొండి, డొల్ల శబ్దం వచ్చినవి లెక్కపెట్టుకోండి. హాల్లో ఒక గోలీ పెట్టి వదిలితే నేల వాలు తెలుస్తుంది. తలుపులు, కిటికీలు అన్నీ ఒకసారి తెరిచి మూయండి, ఒకే వైపున్న తలుపులన్నీ బిగుసుకుంటే మళ్లీ పగుళ్ల దగ్గరికి వెళ్లి చూడాలి.

రిపోర్టు చేతికి వచ్చాక

నోటి మాట వద్దు, రెండు పేజీలైనా సరే ఫొటోలతో, సంతకంతో రాయించుకోండి. ఇంజనీరు రిపోర్టు చూస్తే ఏ ఇల్లయినా కూలిపోయేలాగే కనిపిస్తుంది, ఆయన పని లోపాలు పట్టడమే కదా, అందుకే మొత్తం జాబితా చూసి బెదిరిపోవద్దు. పునాది కుంగడం, పిల్లర్లలో తుప్పు, పిల్లర్లు లేని ఇంటి మీద అంతస్తు, చెరువు హద్దు, ఇలాంటివి ఒక్కటి తేలినా నా మాటగా వదిలేయండి, రేటు తగ్గించినా సరే. డాబా వాటర్‌ప్రూఫింగ్, వైరింగ్ మార్చడం, బాత్రూం తిరగ్గొట్టడం, మోటరు, ఇవన్నీ బేరానికి పనికొచ్చేవి. ఒక్కోదానికి ఎంతవుతుందో మేస్త్రితో లెక్క వేయించి ఆ కాగితం ముందు పెట్టి మాట్లాడండి. "ఏదో తగ్గించుకోండి అన్నా" అనే మాటకూ, "డాబాకు ఇంత, వైరింగ్‌కు ఇంత అవుతుంది, రిపోర్టు ఇదిగో" అనే మాటకూ చాలా తేడా ఉంది. రంగు, గిలాబు గీతలు, రెండు డొల్ల టైల్స్ గురించి అసలు ఎత్తకండి, పెద్ద మాటల విలువ పోతుంది.

ఒప్పుకున్నవి అగ్రిమెంట్‌లో ఎక్కాలి. ఏ రిపేరు ఎవరు చేయిస్తారు, రిజిస్ట్రేషన్‌కు ముందే అవుతుందా, కాకపోతే ఎంత తగ్గిస్తారు, బయానా ఏ సందర్భంలో తిరిగివ్వాలి, అన్నీ రాయండి. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55 ప్రకారం మామూలు జాగ్రత్తతో కొనేవాళ్లకు కనపడని పెద్ద లోపం తనకు తెలిసి ఉంటే అమ్మేవాళ్లు చెప్పి తీరాలి. దాన్ని తిప్పి చదివితే, కళ్లతో చూస్తే కనపడేదాన్ని మీరు చూడకపోతే ఆ నష్టం మీదే. బిల్డర్ దగ్గర కొత్త ఇల్లు కొంటే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం కింద పొజెషన్ ఇచ్చిన 5 ఏళ్ల లోపు బయటపడ్డ నిర్మాణ లోపాలను బిల్డర్ తన ఖర్చుతో, చెప్పిన 30 రోజుల్లో బాగుచేయాలి. అయితే ప్రాజెక్టు స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, 8 యూనిట్లు మించకపోయినా రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మన ఊళ్లలో ఒక్కో ప్లాటులో ఒక్కో ఇల్లు కట్టి అమ్మేవాళ్లు ఎక్కువగా ఆ లెక్కలోకే వస్తారు. అలాంటప్పుడు ఆ 5 ఏళ్ల హామీని మీరే అగ్రిమెంట్‌లో రాయించుకోవాలి. రాయనంటే ఎందుకు రాయనంటున్నాడో అడగండి.

రిజిస్ట్రేషన్ రోజు పొద్దున సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు పోయే ముందు ఇంటికి ఒక్కసారి వెళ్లండి. రిపేర్లు నిజంగా అయ్యాయా, చూసిన రోజు ఉన్న మోటరు, స్టార్టరు, గీజర్లు, ఫ్యాన్లు ఇప్పుడూ అవేనా చూడండి, ఖాళీ చేసేటప్పుడు మంచివి ఊడబెరికి పాతవి బిగించి పోయేవాళ్లున్నారు. సామాన్లు తీసేశాక బీరువాల వెనక, మంచాల వెనక గోడలు మొదటిసారి కనిపించేది ఆ పూటే, టార్చి మర్చిపోకండి.